కొబ్బరిపాల ఖౌస్వే: రంగూను నుండి మన వంటింటికి

ఒక జాతి చరిత్రను తెలిసికొనుటకు శాసనములు, నాణెములు, గ్రంథములు ముఖ్యసాధనములని మనము తరగతి గదులలో చదువుకొనుచున్నాము. ఆ వరుసలో చేర్చదగిన సాధనము మరొకటి ఉన్నది, అది వంటయిల్లు. ఇందుకు మనకు మిక్కిలి దగ్గరి దృష్టాంతము, రంజాను మాసమున హైదరాబాదు వీధులలో ఉడికెడు హలీము. నిజాము కొలువులో సైనికులుగా చేరుటకు హద్రమౌతు నుండి వచ్చిన అరబ్బులు బార్కస్ ప్రాంతమున స్థిరపడినారు. గోధుమలను మాంసముతో కలిపి ఉడికించు వారి హరీసు, ఇక్కడి మసాలాలతో కలిసి హలీముగా రూపొందినది. నిజాము పాలన 1948లో ముగిసినది. ఆ సైన్యము చెదిరిపోయినది. వంటకము మాత్రము నిలిచి, అందరి సొత్తయినది.

ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనినది తూర్పు దిక్కునుండి సముద్రము దాటి వచ్చిన మరొక వంటకము. బర్మా దేశస్థులు దీనిని ‘ఓన్ నో ఖౌస్వే’ అందురు. వారి భాషలో ‘ఓన్’ అనగా కొబ్బరి, ‘నో’ అనగా పాలు, ‘ఖౌస్వే’ అనగా నూడుల్స్. ఉడికిన గోధుమ నూడుల్స్‌పై కోడిమాంసముతో కాచిన కొబ్బరిపాల పులుసును పోసి, ఉడికిన గ్రుడ్డు, పచ్చి ఉల్లిపాయ, కరకరలాడునట్లు వేయించిన నూడుల్స్, ఎండుమిరప కారము, నిమ్మరసము చేర్చుకొని తినెడు పూర్తి భోజనమిది. నగరములోని ఖరీదైన భోజనశాలలలో ఇది నేడు ‘ఖావ్ సుయే’ అను పేరుతో విదేశీ విలాసముగా కనిపించుచున్నది. ఆ గిన్నె మనవరకు వచ్చిన దారిలో వేలాది తెలుగు కూలీల అడుగుజాడలు ఉన్నవని ఎరిగినవారు అరుదు. కావున దీనిని ఇంటిలో వండుకొను విధానముతోపాటు, అది నడచి వచ్చిన మార్గమును కూడ విద్యార్థులకు తెలుపుట మా ఉద్దేశము.

కోరంగి రేవునుండి రంగూనునకు

గోదావరి సముద్రమున కలియు చోట, కాకినాడకు సమీపమున ఉన్న కోరంగి ఒకప్పుడు పేరుగాంచిన రేవుపట్టణము. 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులు దానిని ధ్వంసము చేసినవి. రేవు నశించినను దాని పేరు సముద్రమునకు ఆవలి ఒడ్డున నిలిచినది. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు.

బ్రిటిషువారు 1852లో రంగూనును ఆక్రమించుకొని, 1886లో యావత్తు బర్మాను తమ సామ్రాజ్యమున చేర్చుకొన్నారు. 1937లో వేరుచేయువరకు ఆ దేశము బ్రిటిషు ఇండియాలోని ఒక రాష్ట్రముగానే ఉండినది. ఐరావతీ నది డెల్టాలో వరిసాగు విస్తరించినకొలది రంగూనులో ధాన్యపు మిల్లులు వెలసినవి. మిల్లులకు, రేవులకు, కలపకోత యంత్రాలయములకు కూలీలు కావలసివచ్చినారు. గంజాము, విశాఖపట్నము, గోదావరి జిల్లాల పేదరైతులు, కూలీలు తూర్పుతీరపు రేవులలో ఓడలెక్కి బయలుదేరినారు. ఉత్తర కోస్తా పల్లెలలో రంగూనును ‘రంగం’ అనెడివారు. మేస్త్రీలు ముందుగా సొమ్మిచ్చి మనుషులను కుదుర్చుకొనెడివారు. ఆ సొమ్మే అప్పుగా మారి, కూలీ చేతికి వచ్చు జీతమునుండి కోతపడుచుండెడిది. ఓడల బియ్యపు బస్తాలు మోసినవారు, చేతిరిక్షాలు లాగినవారు, నగరపు వీధులను శుభ్రము చేసినవారు అనేకులు మనవారే.

1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగమునకు పైగా భారతీయులు. బర్మా మొత్తమున తెలుగువారి సంఖ్య లక్షకు మించి ఉండినది. అయినను వారి బ్రదుకు సుఖమయముగా సాగినదని చెప్పజాలము. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మా కూలీలను నియమించినారు. సమ్మె ముగిసి పాతవారు తిరిగి పనిలోనికి రాగా, క్రొత్తవారికి పని పోయినది. ఆ చిచ్చు అల్లర్లుగా మారి వందమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. పేదవానికి పేదవానిని పోటీగా నిలిపినచో ఏమి జరుగునో చరిత్ర అక్కడ చూపినది.

ఉర్దూ చదివిన మన విద్యార్థులకు రంగూను మరొక కారణముచే పరిచితము. చివరి మొగలు చక్రవర్తి, కవి బహదూర్ షా జఫర్ 1858లో ప్రవాసమునకు అక్కడికే పంపబడినారు. 1862లో అక్కడనే కన్నుమూసినారు. ఆ నగరమున సూరతు వర్తకుల బజారు ఉండినది. తమిళదేశపు ముస్లిములు, వంగదేశీయులు, మేమన్ వ్యాపారులు ఉండినారు. వీరందరు బర్మావారి ఇరుగుపొరుగున నివసించి, వారి వంటల రుచి మరిగినారు.

తిరుగు ప్రయాణము

రెండవ ప్రపంచయుద్ధమున జపాను విమానములు 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు కురిపించినవి. ఓడలు అందరికీ చాలలేదు. 1942లో లక్షలాది భారతీయులు అరకాను కొండల మీదుగాను, మణిపురము, అస్సాము అడవుల మీదుగాను కాలినడకన స్వదేశమునకు బయలుదేరినారు. ఆకలికి, కలరాకు, మలేరియాకు దారిలో రాలిపోయినవారు వేలాదిమంది.

యుద్ధము ముగిసిన పిమ్మట కొందరు తిరిగి వెళ్ళినారు. 1948లో బర్మా స్వతంత్రమైనది. 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారమును చేజిక్కించుకొన్నాడు. 1964లో దుకాణములు, వ్యాపారసంస్థలు జాతీయము చేయబడినవి. పెద్ద నోట్లు రద్దయినవి. తరతరములుగా అక్కడ నివసించిన భారతీయులు మరల ఓడలెక్కవలసి వచ్చినది. నగలు, నగదు వెంట తెచ్చుకొనుటపై కఠినమైన ఆంక్షలు ఉండినవి. కాందిశీకులుగా వచ్చినవారికి విశాఖపట్నము మొదలగు చోట్ల నివాసములు ఏర్పడినవి. విశాఖలో ‘బర్మా క్యాంపు’ అను పేరు ఆ సంగతిని నేటికిని చాటుచున్నది. వారి పునరావాసమునకు తోడ్పడుటకై మద్రాసులో 1969లో రెప్కో బ్యాంకు స్థాపింపబడినది.

ఇక్కడ మనము గమనింపదగిన విషయమొకటి ఉన్నది. మెడలోని గొలుసును రేవులో అధికారి తీసికొనగలడు. పెట్టెలోని నోట్లు ఒక్క ప్రకటనతో చిత్తుకాగితములు కాగలవు. చేతికి అబ్బిన వంటను మాత్రము ఎవరును పట్టుకొనజాలరు. మద్రాసులో బర్మా బజారు సమీపమున తిరిగివచ్చిన తమిళులు ‘అతో’ అను నూడుల్స్ వంటకమును, ‘మొహింగా’ అను చేపపులుసు నూడుల్స్‌ను బండ్లపై అమ్మి జీవనము సాగించినారు. ఆ బండ్లు నేటికిని అక్కడ ఉన్నవి. సూరతు నగరమునకు, కరాచీలోని మేమన్ కుటుంబములకు ఇదే ఖౌస్వే ‘ఖావ్సా’ అను పేరుతో చేరినది. సర్వము కోల్పోయినవారికి వంట ఒక జ్ఞాపకముగా మాత్రమే మిగులలేదు; అనేక కుటుంబములకు అది అన్నము పెట్టిన వృత్తి అయినది.

మనకు తెలిసిన మెలకువలే

ఈ వంటకమున మూడు దారులు కలిసినట్లు కనిపించును. నూడుల్స్ చీనా దిక్కును తలపించును. కొబ్బరి తీరభూముల పంట. పసుపు, శనగపిండి, ఉల్లి మసాలా మన వంటింటి వాసన గలవి. కావున చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు గృహిణికి ఇది పేరుచేత క్రొత్తదే కాని పనిచేత క్రొత్తది కాదు. రెండు దృష్టాంతములు చెప్పుదుము.

మొదటిది, మసాలా వేగుట. ఉల్లి, వెల్లుల్లి ముద్దలోని నీరు ఇగిరిపోయి నూనె అంచులకు తేలినప్పుడు మసాలా సిద్ధమైనదని బర్మా వంటవారు గుర్తింతురు. వారి భాషలో దానిని ‘సీ బ్యాన్’ అందురు. నూనె తిరిగి వచ్చుట అని దాని అర్థము. మిర్చీ కా సాలన్ వండు ఉర్దూ ఇండ్లలో దీనినే ‘తేల్ ఛోడ్నా’ అందురు. తెలుగు ఇండ్లలో ‘నూనె తేలుట’ అందురు. మూడు భాషలు ఒకే గుర్తును చూచుచున్నవి.

రెండవది, శనగపిండి. మజ్జిగపులుసు కాచునప్పుడు మజ్జిగ విరిగిపోకుండ మన తల్లులు శనగపిండిని నీటిలో కలిపి పోయుదురు. కఢీ వండు ముస్లిము గృహములలోను ఇదే పద్ధతి. ఖౌస్వేలో కొబ్బరిపాలు చిక్కబడుటకును, విరుగకుండుటకును ఇదే శనగపిండిని వాడుదురు. మజ్జిగపులుసు తెలిసిన చేతికి ఖౌస్వే సగము తెలిసినట్లే.

కావలసిన పదార్థములు (ఎనిమిది మందికి)

కోడిమాంసము ఎముకలతో: 1 కిలో
లావు గోధుమ నూడుల్స్: 800 గ్రాములు
బాగుగా ముదిరిన కొబ్బరికాయలు: 2
శనగపిండి: 100 గ్రాములు
ఉల్లిపాయలు: మసాలాకు అర కిలో, పైన చల్లుకొనుటకు మరి రెండు
వెల్లుల్లి: 12 రెబ్బలు
అల్లము: రెండంగుళముల ముక్క
పసుపు: 1 చెంచా
ఎండుమిరప కారము: 2 చెంచాలు
నూనె: 150 మిల్లీలీటర్లు, వేయించుటకు మరికొంత
కోడిగ్రుడ్లు: 8
నిమ్మకాయలు: 4
కొత్తిమీర, ఉల్లికాడలు, దంచిన ఎండుమిరప, ఉప్పు: తగినంత

వీటిలో కొబ్బరికాయ ఒక్కటి మాత్రము మనకు దూరమునుండి రావలెను. ఉల్లి, కొత్తిమీర, మిరప, కూరగాయలు మన ప్రాంతమునుండి బీజాపూరు రహదారి మీదుగా ప్రతిదినము హైదరాబాదునకు తరలుచునే ఉన్నవి. నూడుల్స్ విషయమున ఒక జాగ్రత్త అవసరము. షీర్ ఖుర్మాకు వాడు సన్నని సేమియా ఇందుకు పనికిరాదు. పులుసు తగులగనే మెత్తబడి ముద్దయగును. పొడవుగా, లావుగా ఉండు సాదా గోధుమ నూడుల్స్‌ను ఎంచుకొనవలెను. మసాలా పొట్లముతో కూడిన తక్షణ నూడుల్స్ రుచిని చెరచును. బర్మాలో ఉప్పదనమునకు చేపల రసమును కూడ వాడుదురు. అది లేకున్నను ఈ వంటకమునకు లోపము రాదు, ఉప్పు చాలును.

వండు విధానము

ముందుగా కొబ్బరిపాలు తీసికొనవలెను. కొబ్బరిని కోరి, సుమారు అర లీటరు గోరువెచ్చని నీటితో మెత్తగా రుబ్బి, గుడ్డలో వేసి పిండవలెను. ఇవి చిక్కనిపాలు, వీటిని వేరుగా ఉంచవలెను. మిగిలిన పిప్పిలో ముప్పావు లీటరు నీరు పోసి మరల రుబ్బి పిండినచో పలుచనిపాలు వచ్చును. ఈ రెండింటిని కలుపరాదు. వాటి పనులు వేరు.

పిమ్మట కోడిమాంసమును ఒకటిన్నర లీటరు నీటిలో చిటికెడు పసుపు, ఉప్పు వేసి సన్నని మంటపై అరగంటకు పైగా ఉడికించవలెను. ముక్కలను తీసి చల్లార్చి, మాంసమును ఎముకనుండి వేరుచేసి చేతితో పీచులుగా విడదీయవలెను. వడకట్టిన రసము సుమారు ఒక లీటరు ఉండవలెను. ఈ రసమే పులుసునకు ప్రాణము.

శనగపిండిని నూనె లేకుండ, చిన్నమంటపై కమ్మని వాసన వచ్చువరకు వేయించవలెను. చల్లారిన తరువాత సుమారు 400 మిల్లీలీటర్ల చన్నీటిలో ఉండలు లేకుండ కలుపవలెను.

ఉల్లి, వెల్లుల్లి, అల్లములను మెత్తగా నూరి, మందపు అడుగుగల గిన్నెలో నూనె కాగిన తరువాత వేయవలెను. పసుపు, కారము చేర్చి, మధ్యమధ్య కలియబెట్టుచు పదునైదు ఇరువది నిమిషములు వేయించవలెను. తొందరపడరాదు. నూనె అంచులకు తేలి, పచ్చివాసన పోయి, ముద్ద ముదురు ఎరుపునకు తిరిగినప్పుడు మసాలా సిద్ధమైనట్లు.

ఇంటిలో శాకాహారులు ఉన్నచో వారి భాగమును ఈ దశయందే వేరు గిన్నెలోనికి తీయవలెను. దానిలో క్యారెట్, చిక్కుడు, పుట్టగొడుగులు మొదలగువానిని వేయించి, మాంసపు రసమునకు బదులు కూరగాయలు ఉడికించిన నీటిని పోసి, మిగిలినదంతయు క్రింద చెప్పు విధముననే చేయవచ్చును. కొబ్బరిపాలను, శనగపిండి నీటిని కూడ ఆ భాగమునకు తగినట్లు పంచుకొనవలెను.

మసాలాలో మాంసపు పీచులను వేసి అయిదు నిమిషములు వేయించి, రసమును, పలుచని కొబ్బరిపాలను పోయవలెను. పొంగు వచ్చినపుడు మంట తగ్గించి, శనగపిండి నీటిని ఒక చేతితో సన్నని ధారగా పోయుచు, రెండవ చేతితో గరిటె త్రిప్పుచుండవలెను. అడుగంటకుండ కలుపుచు ఇరువది, ఇరువదియైదు నిమిషములు కాగనిచ్చినచో పిండి పూర్తిగా ఉడికి, పులుసు గరిటెకు పలుచని పూతగా అంటుకొనును. అప్పుడు చిక్కనిపాలు పోసి, ఉప్పు సరిచూచి, మూతపెట్టకుండ మిక్కిలి చిన్నమంటపై అయిదారు నిమిషములు ఉంచి దించవలెను. తెర్లనీయరాదు. పైన పలుచని ఎర్రని నూనె తెర తేలుట మంచి గుర్తు.

నూడుల్స్‌ను విస్తారమైన నీటిలో ఉప్పువేసి, కొంచెము బిరుసు ఉండగనే వార్చి, చన్నీటితో కడిగి, ఒక చెంచా నూనె రాచి విడివిడిగా ఆరబెట్టవలెను. గుప్పెడు నూడుల్స్‌ను వేరుగా తీసి, తడి ఆరిన తరువాత కాగిన నూనెలో బంగారువన్నె వచ్చునట్లు వేయించుకొనవలెను. ఈ శ్రమ వలదనుకొన్నవారు సన్నకారప్పూసను వాడుకొనవచ్చును. గ్రుడ్లను ఉడికించి ముక్కలు చేయవలెను. పైన చల్లుకొను ఉల్లిపాయను సన్నగా తరిగి పదినిమిషములు చన్నీటిలో ఉంచి తీసినచో ఘాటు తగ్గి కరకర నిలుచును. దంచిన ఎండుమిరపను వేడి నూనెలో కలిపి దించినచో కారపు నూనె సిద్ధము.

ఇట్లు ఎందుకు చేయవలెను?

విద్యార్థి వంటను కూడ ప్రశ్నతోనే నేర్చుకొనవలెను. చిక్కనిపాలను చివర ఎందుకు పోయవలెను? కొబ్బరిపాలలో క్రొవ్వు అతి చిన్న బిందువులుగా నీటిలో తేలుచుండును. ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలియకుండ కొబ్బరిలోని మాంసకృత్తులు కాపాడుచుండును. ఎక్కువ వేడి తగిలినప్పుడు మాంసకృత్తులు గడ్డకట్టును. క్రొవ్వు విడిపోయి పైకి తేలును. పాలు విరిగినవని మనము అందుము. క్రొవ్వు తక్కువగల పలుచనిపాలు చాలసేపు కాగుటను ఓర్చుకొనును. చిక్కనిపాలు ఓర్వజాలవు.

శనగపిండి ఏమి చేయును? దానిలోని పిండిపదార్థపు కణములు వేడికి నీటిని పీల్చుకొని ఉబ్బి, పులుసును చిక్కపరచును. చిక్కని ద్రవములో క్రొవ్వు బిందువులు తేలికగా కదలి ఒకచోట చేరజాలవు. మజ్జిగపులుసు విరుగకుండుటకును ఈ గుణమే సాయపడును. పిండిని చన్నీటిలోనే కలుపుటకు కూడ కారణము ఉన్నది. వేడినీరు తగిలినచో పిండి పైపొర వెంటనే ఉడికి జిగురై, లోపలి పొడిపిండికి నీరు అందనీయదు. అందుచేతనే ఉండలు కట్టును.

నిమ్మరసము పొయ్యిమీద ఎందుకు పిండరాదు? పులుపు తగిలినచో కొబ్బరిపాలు త్వరగా విరుగును. మరియు నిమ్మలోని సి విటమిను వేడికి నశించును. తినునప్పుడు పిండుకొన్నచో ఆ విటమిను నిలుచుటయే గాక, శనగపిండిలోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. కొబ్బరిపాల వంటకములు మన వేసవిలో త్వరగా పులియును. వండిన రెండు గంటలలో భుజింపవలెను, లేదా చల్లార్చి శీతలయంత్రమున ఉంచవలెను. పులుసును, నూడుల్స్‌ను కలిపి నిలువ ఉంచరాదు. నూడుల్స్ పులుసునంతయు పీల్చి ముద్దయగును. కొబ్బరిలోని క్రొవ్వు బరువైనది గనుక ఇది దినదినము తినవలసిన వంట కాదు. అప్పుడప్పుడు పదిమంది కూడినప్పుడు తగిన వంట.

వడ్డన

ఈ వంటకపు విశేషమంతయు వడ్డనలో ఉన్నది. బిర్యానీ దేగిశానుండి పూర్తియై వచ్చును; తినువాడు చేర్చవలసినది అంతగా ఉండదు. ఖౌస్వేకు పూర్తి రూపమును ఇచ్చువాడు అతిథి. నడుమ వేడి పులుసు గిన్నె, ప్రక్కన నూడుల్స్ పళ్ళెము, చుట్టును చిన్నచిన్న గిన్నెలలో గ్రుడ్డు, ఉల్లి, ఉల్లికాడలు, కొత్తిమీర, వేయించిన నూడుల్స్, కారపు నూనె, నిమ్మచెక్కలు అమర్చవలెను. లోతైన గిన్నెలో మొదట నూడుల్స్ వేసి, అవి మునుగునట్లు వేడివేడి పులుసు పోసి అతిథికి అందించవలెను. మిగిలినవి ఆయన ఇచ్చవచ్చినట్లు చేర్చుకొనును. కారము ఓర్చనివారు, గ్రుడ్డు తిననివారు, పులుపు కోరువారు ఎవరి గిన్నెను వారే దిద్దుకొందురు. ఒకే దస్తర్ఖాను చుట్టు కూర్చున్న పదిమంది పది రుచులు తిందురు.

బర్మా గృహములలో పొట్టి బల్ల చుట్టు నేలపై కూర్చుండి భుజింతురు. మొదటి ముద్దను పెద్దలకు అర్పించిన తరువాతనే పిన్నలు తినుట వారి ఆచారము. దస్తర్ఖాను పరచినను, విస్తరి వేసినను, పెద్దలకు ముందు వడ్డించుట మనకును ఆచారమే గదా.

మన కళాశాల వంటి చోట, అనేక మతముల, అనేక ఆహారనియమముల విద్యార్థులు కూడి చదువుకొను చోట, ఈ వడ్డన పద్ధతి మిక్కిలి ఉపయోగకరము. అయితే కొన్ని నియమములను తప్పక పాటించవలెను. మాంసము హలాలు చేయబడినదై ఉండవలెను. శాకాహారుల పులుసునకు గిన్నె, గరిటె వేరుగా ఉండవలెను. గ్రుడ్లను వేరు పళ్ళెమున, దూరముగా ఉంచవలెను. ఏ గిన్నెలో ఏమున్నదో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఎదుట నిలుపవలెను. తోటివాని నియమమును అడిగి తెలిసికొని వండుట మర్యాదలలో మొదటిది. ఎవరును అడుగకముందే తన పాత్ర వేరుగా సిద్ధముగా ఉన్నదని చూచిన అతిథి మనస్సు ఎంత తేలికపడునో, ఇతరుల ఇండ్లలో సంకోచముతో కూర్చున్నవారికి తెలియును.

మా విన్నపము

రంగూను వెళ్ళిన కోరంగి కూలీ కథ ముగిసిపోయిన కథ కాదు. పాలమూరు కూలీలు బ్రతుకుతెరువునకై దేశమంతట తిరిగినారు. మన పల్లెలనుండి గల్ఫు దేశములకు వెళ్ళిన సోదరులు నేటికిని ఎందరో ఉన్నారు. ముందుగా తీసికొన్న అప్పు, దూరదేశపు కష్టము, ఇంటికి పంపిన సొమ్ము, తిరిగివచ్చునాటికి సొంత ఊరే క్రొత్తగా తోచుట, ఇవన్నియు ఆనాటి ఓడలలోను ఉండినవి, ఈనాటి విమానములలోను ఉన్నవి. ఆ సోదరులు తమ పెట్టెలలో తెచ్చిన వస్తువులను మనము ఆసక్తితో చూచెదము. వారు అక్కడ ఏమి తినినారు, ఎవరు వండి పెట్టినారు, ఏ వంట నేర్చి వచ్చినారు అని అడుగువారు తక్కువ. అడిగినచో వారి బ్రదుకులో మనకు తెలియని అధ్యాయము తెరచుకొనును.

కావున విద్యార్థులకు మేము ఒక అభ్యాసమును సూచించుచున్నాము. ఈ సెలవులలో మీ ఇంటిలోని పెద్దలను, ముఖ్యముగా అవ్వను, నానీని, దాదీని అడిగి, బయటి ఊరినుండియో బయటి దేశమునుండియో మీ ఇంటికి వచ్చిన ఒక వంటకమును గుర్తింపుడు. అది ఎవరివలన వచ్చినది, ఏ సంవత్సరప్రాంతమున వచ్చినది, ఇక్కడ దొరకని పదార్థమునకు బదులు ఏమి వాడినారు అను మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు. కొలతలు అడుగుట మరువకుడు. ‘చేతికి తోచినంత’ అను కొలత ఆ చేతితోనే పోవును.

కళాశాల కార్యవర్గమునకు మా విన్నపము ఒక్కటే. అట్లు వచ్చిన వ్రాతలను తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోను ఒక పుస్తకముగా కుట్టించి గ్రంథాలయమున ఉంచవలెను. వార్షికోత్సవమునాడు ఆ వంటకములలో ఒకదానిని విద్యార్థులచేతనే వండించి, దాని చరిత్రను చదివించిన పిమ్మట వడ్డింపవలెను. ఖర్చు స్వల్పము. మొదటి సంవత్సరమున ఖౌస్వేతో ప్రారంభించినచో, పులుసు కాచుటకు కావలసిన కొలతలన్నియు ఈ పుటలలోనే ఉన్నవి. ఎనిమిది మందికి చెప్పిన కొలతను ఎనుబది మందికి పెంచుకొనునప్పుడు నీటిని మాత్రము ఒక్కమారుగా పదిరెట్లు పోయక, చిక్కదనము చూచుకొనుచు పోయవలెను; పెద్ద దేగిశాలో నీరు ఇగురుట తక్కువ.